మగపిల్లల ముందు చర్మం: ఎంత కడగాలి, ఎప్పుడు కదిలించాలి, దేన్ని ఇన్ఫెక్షన్ అనాలి

క్లుప్తంగా: సుంతీ చేయని మగపిల్లల్లో పురుషాంగం మొనను కప్పి ఉంచే ముందు చర్మం పుట్టుకతో ఆ మొనకు అతుక్కునే ఉంటుంది. అది పూర్తిగా విడివడడానికి ఏళ్ళు పడుతుంది, కొందరికి యుక్తవయసు దాకా. అప్పటివరకు బయట నీళ్ళతో కడిగితే చాలు, లోపల కడగాల్సింది ఏమీ ఉండదు. చిన్నప్పుడు కనిపించే ఎరుపు, మంట, చీలికల్లో చాలావాటి వెనక ఉండేది మురికి కాదు. సబ్బు, తడి డయాపర్, బలవంతంగా వెనక్కి లాగడం. జ్వరం, మూత్రం ఆగిపోవడం, వెనక్కి వెళ్ళిన చర్మం తిరిగి ముందుకు రాకపోవడం మాత్రం వెంటనే డాక్టరుకు చూపించాల్సినవి.

మగబిడ్డకు స్నానం చేయించేవాళ్ళకు వినిపించే సలహాలు ఒకదానికొకటి పొసగవు. రోజూ కొంచెం కొంచెం వెనక్కి లాగి కడగాలని, లేకపోతే బిగుసుకుపోతుందని ఒకరంటారు. అసలు ముట్టుకోవద్దని ఇంకొకరు. మూడేళ్ళు నిండినా చర్మం వెనక్కి రాకపోతే ఆపరేషన్ తప్పదని చెప్పేవాళ్ళూ ఉన్నారు. ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గరే కాదు, డాక్టర్ల దగ్గర కూడా ఈ మూడు మాటలూ వినిపిస్తాయి. తల్లిదండ్రులకు టెన్షన్ రావడంలో వింత లేదు.

వీటిలో ఏది సరైనదో తేల్చాలంటే ముందు ఆ చర్మం ఎలా తయారవుతుందో, ఎలా విడిపోతుందో చూడాలి. శుభ్రత గురించి, ఇన్ఫెక్షన్ గురించి వచ్చే ప్రశ్నల్లో సగానికి జవాబు అక్కడే దొరుకుతుంది.

అతుకు వేరు, ఇరుకు వేరు

తల్లి కడుపులో సుమారు ఎనిమిదో వారంలో ముందు చర్మం ఏర్పడడం మొదలవుతుంది. నాలుగో నెల నాటికి మొనను పూర్తిగా కప్పేస్తుంది. ఆ దశలో చర్మం లోపలి పొర, మొన పైపొర రెండు విడివిడి పొరలు కావు. రెండింటికీ ఉమ్మడిగా ఒకే కణజాలం ఉంటుంది. పుట్టే సమయానికి కూడా చాలామంది పిల్లల్లో పరిస్థితి ఇంతే. అంటే చర్మానికీ మొనకూ మధ్య మురికి చేరడానికి, నీళ్ళు పోయడానికి అసలు ఖాళీయే ఉండదు.

పుట్టిన తర్వాత ఆ ఉమ్మడి పొరలో కణాలు అక్కడక్కడ ముదిరి రాలిపోతాయి. రాలిన చోట చిన్న ఖాళీలు ఏర్పడతాయి. నెలలు, ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ఖాళీలు ఒకదాంతో ఒకటి కలుస్తూ పోయి రెండు పొరలూ విడివడతాయి. కళ్ళు మూసుకుని పుట్టిన కుక్కపిల్లకు రెప్పలు విడిపోవడం కూడా దాదాపు ఇలాగే జరుగుతుంది. అక్కడా రెప్పల మధ్య అతుక్కున్న కణాలే రాలి దారి ఇస్తాయి, ఎవరూ వేళ్ళతో విప్పరు. తేడా అల్లా కుక్కపిల్లకు రెండు వారాలు పడితే మగపిల్లాడికి పదేళ్ళు పట్టవచ్చు.

చర్మం వెనక్కి రాకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. చర్మం చివర ఉండే రంధ్రం చిన్నపిల్లల్లో సన్నగా ఉంటుంది. లోపలి అతుకు పూర్తిగా విడిపోయినా ఆ రంధ్రం వెడల్పు కాకపోతే మొన బయటికి రాదు. వయసుతో పాటు చర్మం సాగే గుణం పెరగడం, అప్పుడప్పుడు సహజంగా అంగం గట్టిపడడం (ఇది పసిపిల్లల్లోనూ ఉంటుంది), యుక్తవయసులో హార్మోన్లు పెరగడం వల్ల ఈ ఇరుకు క్రమంగా తగ్గుతుంది. అతుకు, ఇరుకు రెండూ వేర్వేరు విషయాలు, వేర్వేరు వేగాలతో సర్దుకుంటాయి. రెండింటినీ కలిపి ఒకే మాటగా ‘ఫైమోసిస్’ అని రాసేయడం చాలా గందరగోళానికి మూలం. ఆ పేరు కాగితం మీద కనిపించగానే ఇంట్లోవాళ్ళకు అది జబ్బుగానే అర్థమవుతుంది.

మూడేళ్ళ గడువు ఎక్కడిది?

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో ఇంగ్లిష్ మాట్లాడే దేశాల డాక్టర్లలో చాలామంది శిశువుకు ముందు చర్మం వెనక్కి రాకపోవడమే లోపం అనుకునేవారు. ఆ కారణంతోనే సుంతీలు చేసేవారు. 1949లో డగ్లస్ గైర్డ్‌నర్ అనే బ్రిటిష్ పిల్లల డాక్టరు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం రాశారు. అప్పుడే పుట్టిన మగపిల్లల్లో దాదాపు 4 శాతం మందికే చర్మం పూర్తిగా వెనక్కి వస్తుందని, ఆరు నెలలకు అది 20 శాతం, ఏడాదికి 50 శాతం, మూడేళ్ళకు 90 శాతం అవుతుందని ఆయన లెక్క చెప్పారు. పుట్టినప్పుడు అతుక్కుని ఉండడం మామూలేనని గట్టిగా చెప్పిన వ్యాసం అది. బ్రిటన్‌లో శిశువులకు సుంతీలు బాగా తగ్గిపోవడానికి ఈ వ్యాసమూ ఒక కారణం. అంతకు ఏడాది ముందే మొదలైన నేషనల్ హెల్త్ సర్వీస్ మామూలు సుంతీలకు డబ్బు ఇవ్వకపోవడం ఇంకో కారణం.

కానీ ఆ వ్యాసంలోని చివరి అంకె తర్వాతి కాలంలో ఒక గడువులా మారిపోయింది. 90 శాతం మందికి మూడేళ్ళకు వచ్చేస్తుంది కాబట్టి, రానివాళ్ళకు ఏదో లోపం ఉన్నట్టే అన్న అర్థం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. పిల్లల డాక్టర్ల నోటి నుంచి ఇప్పటికీ అప్పుడప్పుడు వినిపించే మూడేళ్ళ మాటకు మూలం చాలావరకు ఇదే.

తర్వాత వచ్చిన అధ్యయనాలు వేరే చిత్రం చూపించాయి. డెన్మార్క్‌లో యాకోబ్ ఓస్టర్ అనే డాక్టరు స్కూలు పిల్లలను ఏళ్ళ తరబడి పరీక్షించి, సుమారు 9,500 పరీక్షల ఫలితాలను 1968లో ప్రచురించారు. ఆరేడేళ్ళ పిల్లల్లో 63 శాతం మందికి ఇంకా ఎంతో కొంత అతుకు మిగిలే ఉంది. 16, 17 ఏళ్ళ వయసులో అది 3 శాతానికి దిగింది. రంధ్రం ఇరుకుగా ఉండడం ఆరేడేళ్ళకు 8 శాతం, 16, 17 ఏళ్ళకు 1 శాతం. మధ్యలో ఎవరూ ఏమీ చేయకపోయినా ఈ మార్పు జరిగింది. 1996లో జపాన్‌లో 603 మంది బాలురను పరీక్షించిన అధ్యయనంలో 11 నుంచి 15 ఏళ్ళ మధ్య వయసువారిలో కూడా చర్మం పూర్తిగా వెనక్కి వచ్చేది సుమారు 63 శాతం మందికే అని తేలింది. 2005లో డెన్మార్క్ నుంచే వచ్చిన ఇంకో అధ్యయనం, మొదటిసారి చర్మం వెనక్కి వచ్చిన సగటు వయసు 10.4 ఏళ్ళు అని చెప్పింది.

ఈ అంకెలు ఒకదానితో ఒకటి సరిగ్గా కలవవు, కలవాల్సిన పని కూడా లేదు. ఒకరు ‘పూర్తిగా వెనక్కి రావడం’ లెక్కపెడితే ఇంకొకరు ‘అతుకు ఎక్కడైనా మిగలడం’ లెక్కపెట్టారు. ఎంత బలం పెట్టి చూశారన్నది కూడా ఫలితాన్ని మారుస్తుంది. అన్నిటిలోనూ కలిసేది ఒక్కటే: ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనే ఈ వయసు చాలా విస్తారంగా మారుతుంది. ఎనిమిదేళ్ళ పిల్లాడికి నొప్పి, వాపు, మూత్రంతో ఇబ్బంది ఏవీ లేకుండా చర్మం మాత్రమే వెనక్కి రాకపోతే దాన్ని లోపం అనడానికి ఆధారం లేదు.

బలవంతంగా లాగితే జరిగేది

రోజూ కొంచెం కొంచెం లాగాలన్న సలహా వెనక ఉన్న ఊహ అర్థమయ్యేదే. సాగదీస్తే వదులవుతుందని, లోపల కడిగితే ఇన్ఫెక్షన్ రాదని. కానీ అతుక్కుని ఉన్న రెండు పొరలను లాగితే అవి సాగవు, చిరుగుతాయి. చిరిగిన చోట రెండు వైపులా పచ్చి పుండు మిగులుతుంది. పిల్లాడికి మూత్రం తగిలితే మంట, డయాపర్ మీద రక్తపు చుక్కలు. ఆ రెండు పచ్చి ఉపరితలాలు మళ్ళీ ఒకదానికొకటి ఆనుకుని మానినప్పుడు, మొదట ఉన్న లేత అతుకు స్థానంలో మచ్చ కణజాలం వస్తుంది. లేత అతుకు దానంతట అది విడిపోయేది. మచ్చ విడిపోదు.

రంధ్రం అంచు దగ్గర చిరిగితే పరిస్థితి ఇంకా ఇబ్బంది. అక్కడ మానిన ప్రతిసారీ అంచు కొంచెం గట్టిపడి, సాగే గుణం పోగొట్టుకుంటుంది. ఇలా పలుమార్లు జరిగితే ఆరోగ్యంగా ఉన్న ఇరుకు నిజమైన ఫైమోసిస్‌గా (మచ్చ వల్ల బిగుసుకుపోయే జబ్బుగా) మారవచ్చు. అంటే ఏ సమస్య రాకూడదని లాగుతారో ఆ సమస్యనే లాగడం తయారు చేస్తుంది.

మూడో ప్రమాదం పారాఫైమోసిస్. ఇరుకైన చర్మాన్ని ఎలాగో మొన వెనక్కి నెట్టి, మళ్ళీ ముందుకు తేకుండా వదిలేస్తే, ఆ ఇరుకు అంచు మొన వెనక పట్టీలా బిగుసుకుంటుంది. లోపలికి రక్తం తెచ్చే ధమనుల కంటే బయటికి తీసుకెళ్ళే సిరలు, లింఫ్ నాళాలు ముందుగా మూసుకుపోతాయి కాబట్టి మొన ఉబ్బుతుంది. ఉబ్బినకొద్దీ పట్టీ ఇంకా బిగుస్తుంది. గంటలు గడిచేకొద్దీ మొనకు రక్తం అందడమే ఆగిపోయే ప్రమాదం ఉంది. ఇది ఎమర్జెన్సీ. ఇంట్లో చేయగలిగింది చల్లటి నీళ్ళలో తడిపిన గుడ్డతో ఒత్తిపెట్టి వాపు కాస్త తగ్గాక మెల్లగా ముందుకు జరిపి చూడడం వరకే. రాకపోతే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ఆసుపత్రిలో క్యాథెటర్ (మూత్రం బయటికి తీసే సన్నని గొట్టం) పెట్టిన తర్వాత చర్మాన్ని ముందుకు జరపడం మరిచిపోవడం వల్ల కూడా ఇది జరుగుతుంటుంది. కాబట్టి అక్కడ పక్కన ఉన్న తల్లో తండ్రో ఒకసారి చూసుకుని అడగడంలో తప్పు లేదు.

అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సహా పిల్లల డాక్టర్ల సంఘాలు బలవంతంగా వెనక్కి లాగవద్దనే చెబుతున్నాయి. ఆ మాట క్లినిక్కులో పరీక్షకూ వర్తిస్తుంది. అతుకు ఎంత విడిందో చూడడం కోసం ఆరోగ్యంగా ఉన్న పిల్లాడి చర్మాన్ని పూర్తిగా వెనక్కి లాగి చూడాల్సిన అవసరం డాక్టరుకు కూడా ఉండదు.

కడగడం ఎలా, ఎంత

ఈ భాగం చిన్నదే, ఎందుకంటే చేయాల్సింది తక్కువ. పసిబిడ్డకు స్నానంలో మిగతా ఒంటిలాగే బయటి భాగాన్ని గోరువెచ్చని నీళ్ళతో కడిగి, మెత్తని గుడ్డతో అద్దితే సరి. సబ్బు వాడితే వాసన లేని తేలికపాటిది, అదీ బయట మాత్రమే. దూది పుల్లలు లోపలికి పెట్టడం, సిరంజితో నీళ్ళు కొట్టడం, డెట్టాల్ లాంటి ఆంటిసెప్టిక్ కలిపిన నీళ్ళు, పౌడర్ ఇవేవీ వద్దు. డయాపర్ తడిసిన వెంటనే మార్చడం వీటన్నిటికంటే ఎక్కువ రక్షణ ఇస్తుంది.

చర్మం సులువుగా వెనక్కి వస్తున్నట్టు ముందుగా తెలిసేది పిల్లాడికే. మొదటిసారి వెనక్కి జరిపేది కూడా వాడే కావాలి. అప్పటి నుంచి స్నానంలో ఎంతవరకు నొప్పి లేకుండా వస్తుందో అంతవరకు జరిపి, మామూలు నీళ్ళతో కడిగి, తడి లేకుండా చేసుకుని, మళ్ళీ ముందుకు జరపడం నేర్పాలి. ఆ ఆఖరి అడుగు మరిచిపోకూడదని ప్రత్యేకంగా చెప్పాలి, పారాఫైమోసిస్ సంగతి తెలిసిందే కదా. లోపలి పొర మీద సబ్బు రుద్దాల్సిన పని పెద్దయ్యాక కూడా ఉండదు. మూత్రానికి వెళ్ళినప్పుడు కొంచెం వెనక్కి జరుపుకుని, అయ్యాక చుక్కలు దులిపి ముందుకు జరుపుకుంటే లోపల తడి నిలవదు. యుక్తవయసులో రోజుకొకసారి ఇలా కడుక్కోవడం అవసరమే. ఆ వయసుకు లోపల నిజంగానే ఖాళీ ఏర్పడి ఉంటుంది, రాలిన కణాలు, నూనె పదార్థం పేరుకోవడానికి చోటు ఉంటుంది.

పిల్లాడిని చూసుకునే ఆయాకు, డేకేర్ వాళ్ళకు, బంధువులకు ‘వెనక్కి లాగి కడగవద్దు’ అని ముందే ఒక మాట చెప్పిపెట్టడం మంచిది. తల్లిదండ్రులు ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒకరోజు వేరేవాళ్ళు స్నానం చేయించినప్పుడు చిరుగు పడిన సందర్భాలు తక్కువేమీ కావు.

ఇన్ఫెక్షన్‌లా కనిపించేవి

చర్మం కింద తెల్లటి లేక పసుపు రంగు గడ్డల్లాంటివి కనబడితే చాలామంది చీము అనుకుంటారు. అవి విడిపోయే పొరల మధ్య రాలిన కణాలు ముద్దకట్టినవి. స్మెగ్మా అంటారు. గింజంత గట్టిగా, చర్మం పైనుంచి చేతికి తగులుతాయి. నొప్పి, ఎరుపు ఉండవు. విడిపోవడం జరుగుతోందనడానికి అవే గుర్తు. దారి ఏర్పడ్డాక వాటంతట అవే బయటికి వస్తాయి. అప్పుడు తుడిచేయడమే తప్ప, ముందుగా పిండి తీయాల్సిన పని లేదు. చీము అయితే దాంతో పాటు ఎరుపు, వాపు, ముట్టుకోనివ్వనంత నొప్పి ఉంటాయి.

మూత్రం పోసేటప్పుడు చర్మం బుడగలా ఉబ్బడం ఇంకో భయం. లోపలి అతుకు కొంత విడిపోయి, బయటి రంధ్రం మాత్రం ఇంకా సన్నగా ఉన్న దశలో ఇది కనిపిస్తుంది. మూత్రనాళం నుంచి వచ్చే ధార వేగం ఎక్కువ, బయటికి పోయే దారి ఇరుకు కాబట్టి మధ్యలో కాసేపు నిలుస్తుంది. ధార తర్వాత సాఫీగా వస్తుంటే, పిల్లాడు ముక్కాల్సిన పని లేకుంటే ఇది అడ్డంకి కిందికి రాదు. రంధ్రం వెడల్పయ్యాక ఆగిపోతుంది. ఉబ్బడంతో పాటు ముక్కడం, చుక్కలు చుక్కలుగా రావడం, మూత్రం పోసాక కూడా పొత్తికడుపు ఉబ్బి ఉండడం ఉంటే అప్పుడు చూపించాలి.

చివర మాత్రమే కొద్దిగా ఎర్రబడడం చాలా మామూలు. డయాపర్ వాడే పిల్లల్లో దీని రసాయనం తెలిసిందే. మూత్రంలోని యూరియాను మలంలోని బ్యాక్టీరియా అమ్మోనియాగా మారుస్తుంది. చర్మానికి సహజంగా ఉండే కొద్దిపాటి ఆమ్లగుణాన్ని అమ్మోనియా పోగొడుతుంది. దాంతో మలంలోని ఎంజైములు చురుకై పైపొరను దెబ్బతీస్తాయి. ముందు చర్మం చివర డయాపర్‌లో నేరుగా ఆ తడికి ఆనుకుని ఉంటుంది కాబట్టి మొదటి దెబ్బ దానికే. లోపలి మొనకు, మూత్ర రంధ్రానికి అది తగలకుండా అడ్డుపడేది కూడా ఆ చర్మమే. కాసేపు డయాపర్ లేకుండా గాలి తగలనివ్వడం, జింక్ ఆక్సైడ్ లాంటి పూత బయట రాయడంతో ఇది రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది.

నిజమైన ఇన్ఫెక్షన్, దాని కారణాలు

మొన, ముందు చర్మం కలిసి వాచి, ఎర్రబడి, చీము లాంటి స్రావం రావడాన్ని బాలనోపాస్తైటిస్ అంటారు. వాడుకలో బాలనైటిస్ అనేస్తారు. సుంతీ చేయని బాలురలో సుమారు 4 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుందని అంచనా. ఎక్కువగా రెండు నుంచి ఐదేళ్ళ మధ్య. ఆ వయసులో ఎందుకంటే, అతుకు పాక్షికంగా విడి ఉంటుంది, లోపల చిన్న చిన్న సంచుల్లాంటి ఖాళీలు ఉంటాయి, మూత్రం చుక్కలు అక్కడ నిలవగలవు. డయాపర్ మానేసి సొంతంగా వెళ్ళడం, మట్టి చేతులతో పట్టుకోవడం మొదలయ్యేదీ అప్పుడే. చాలామందికి ఒకసారి వచ్చి మళ్ళీ రాదు.

బాలనైటిస్ అనగానే సూక్ష్మజీవి అనుకోవడం సహజం, కానీ సబ్బు వల్ల వచ్చే చర్మపు మంట కూడా అచ్చం అలాగే కనిపిస్తుంది. 1993లో బ్రిటన్‌లో పదేపదే బాలనైటిస్ వస్తున్న పెద్దవాళ్ళను పరీక్షించినప్పుడు 72 శాతం మందిలో అసలు సమస్య రసాయనాల వల్ల కలిగిన చర్మపు వాపు అని తేలింది. వాళ్ళు మిగతావాళ్ళ కంటే ఎక్కువసార్లు సబ్బుతో కడిగేవాళ్ళు. ఎర్రబడింది కదా అని ఇంకా కడగడం, కడిగినకొద్దీ ఇంకా ఎర్రబడడం అనే చక్రం అది. పిల్లల్లో నురగ స్నానాలు, వాసన ఉన్న వెట్ వైప్స్, సరిగ్గా జాడించని బట్టల సబ్బు ఇదే పని చేస్తాయి. ఎగ్జిమా (చర్మం పొడిబారి దురద పెట్టే సమస్య) ఉన్న పిల్లలకు ఈ బెడద ఎక్కువ.

సూక్ష్మజీవుల వల్ల వచ్చేదైతే రూపాన్ని బట్టి కొంత పోల్చవచ్చు. కాండిడా అనే ఫంగస్ అయితే మెరిసే గాఢమైన ఎరుపు, దాని అంచుల చుట్టూ చిన్న చిన్న ఎర్ర చుక్కలు. డయాపర్ పిల్లల్లోనూ, యాంటీబయాటిక్ కోర్సు వాడిన తర్వాతా ఎక్కువ కనిపిస్తుంది. స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా అయితే వాపు, తడి, ఒక్కోసారి మలద్వారం చుట్టూ కూడా ఎరుపు, గొంతునొప్పి తోడవుతాయి. స్టెఫైలోకాకస్ అనే ఇంకో బ్యాక్టీరియాతో చీము. చికిత్స కూడా వేర్వేరు: ఫంగస్ అయితే యాంటీఫంగల్ పూత, బ్యాక్టీరియా అయితే యాంటీబయాటిక్, మంట అయితే కారణమైన సబ్బు మానేసి హైడ్రోకార్టిసోన్ అనే తేలికపాటి స్టెరాయిడ్ పూత. ఇంట్లో మిగిలిన ట్యూబు తీసి రాయడం అందుకే పనికిరాదు.

మంటకు భయపడి మూత్రం బిగపట్టే పిల్లాడిని గోరువెచ్చని నీళ్ళ టబ్బులో కూర్చోబెట్టి ఆ నీళ్ళలోనే పోయమంటే మూత్రం పలచబడి మంట తెలియదు. సాధారణంగా డాక్టరు ఇచ్చే మొదటి సలహా కూడా ఇదే. ఎరుపు అంగం మొదలు వైపు పాకుతుంటే, జ్వరం వస్తే, పన్నెండు గంటలుగా మూత్రం రాకపోతే ఇంటి చిట్కాలతో కాలం గడపకూడదు.

కాస్త పెద్ద పిల్లాడికి ఇది మళ్ళీ మళ్ళీ వస్తుంటే, దాహం ఎక్కువగా ఉండి పదేపదే మూత్రానికి వెళ్తుంటే రక్తంలో షుగర్ చూడాలి. మూత్రంలో గ్లూకోజు ఉంటే కాండిడాకు అది మంచి ఆహారం. మధుమేహం ఇలా బయటపడిన సందర్భాలు ఉన్నాయి.

యూరిన్ ఇన్ఫెక్షన్ సంగతి

సుంతీకి అనుకూలంగా ఎక్కువగా వినిపించే వాదన ఇదే, దాన్ని తోసిపుచ్చడం సరికాదు. మొదటి ఏడాదిలో సుంతీ చేయని శిశువుల్లో యూరిన్ ఇన్ఫెక్షన్ రేటు సుమారు 1 శాతం. సుంతీ చేసినవాళ్ళలో అందులో ఐదో వంతు నుంచి పదో వంతు. కారణం కూడా తెలుసు: పుట్టిన మొదటి నెలల్లో పేగుల్లో ఉండే ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా చర్మం లోపలి పొరకు పట్టుకుని, అక్కడి నుంచి మూత్రనాళం గుండా పైకి పాకుతుంది. వయసు పెరిగేకొద్దీ ఆ బ్యాక్టీరియా సంఖ్య తగ్గుతుంది, ఏడాది దాటాక తేడా చాలా చిన్నదైపోతుంది.

అయితే నిష్పత్తి ఒక మాట చెబితే అసలు సంఖ్య ఇంకో మాట చెబుతుంది. 2005లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన విశ్లేషణ ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో ఒక యూరిన్ ఇన్ఫెక్షన్‌ను ఆపాలంటే 111 మందికి సుంతీ చేయాలి. అదే విశ్లేషణ, పదేపదే యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చే పిల్లల్లో ఆ సంఖ్య 11కు, మూత్రాశయం నుంచి మూత్రం వెనక్కి కిడ్నీల వైపు తన్నే సమస్య తీవ్రంగా ఉన్నవాళ్ళలో 4కు దిగుతుందని చెప్పింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లాడి విషయంలో, కిడ్నీ సమస్య ఉన్న పిల్లాడి విషయంలో డాక్టర్లు వేర్వేరు సలహా ఇవ్వడం ఇందుకే. అది మాట మార్చడం కాదు.

పసిబిడ్డల్లో ఈ ఇన్ఫెక్షన్‌కు మూత్రంలో మంట లాంటి గుర్తులు తెలియవు. కారణం కనపడని జ్వరం, వాంతులు, పాలు తాగకపోవడం, మందకొడిగా ఉండడం మాత్రమే ఉంటాయి. మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ లేక అంతకు మించి జ్వరం ఉంటే అదే రోజు చూపించి మూత్ర పరీక్ష చేయించాలి. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. బయట అంటించే సంచిలో పట్టిన మూత్రంలో చర్మం మీది బ్యాక్టీరియా కలిసిపోతుంది, లేని ఇన్ఫెక్షన్ ఉన్నట్టు రిపోర్టు వస్తుంది. సంచి నమూనాలో ఏమీ లేదని వస్తే నమ్మవచ్చు, ఉందని వస్తే క్యాథెటర్‌తో గానీ, ధార మధ్యలో పట్టిన మూత్రంతో గానీ మళ్ళీ చూడాలి. క్యాథెటర్ పెట్టడానికి మూత్ర రంధ్రం కనిపించేంత మేర కదిలిస్తే చాలు, మొన మొత్తం బయటపెట్టక్కర్లేదు.

తల్లిపాలు యూరిన్ ఇన్ఫెక్షన్ నుంచి కొంత కాపాడతాయని స్వీడన్ అధ్యయనం ఒకటి చూపించింది. మలబద్ధకం మాత్రం చాలామంది దృష్టికి రాని కారణం. మలంతో నిండిన పెద్దపేగు మూత్రాశయాన్ని నొక్కుతుంది, మూత్రం పూర్తిగా ఖాళీ కాదు, మిగిలిన మూత్రంలో బ్యాక్టీరియా పెరుగుతుంది. మూడు నాలుగేళ్ళ పిల్లాడికి యూరిన్ ఇన్ఫెక్షన్ తిరగబెడుతుంటే ముందు చర్మం కంటే ముందుగా మలబద్ధకం గురించి అడగడం మంచి డాక్టరు లక్షణం.

ఇరుకు ఎప్పుడు జబ్బు అవుతుంది, అప్పుడేం చేస్తారు

డాక్టరు చర్మాన్ని మెల్లగా, నొప్పి లేనంత మేర మాత్రమే వెనక్కి జరిపి చివరను చూస్తారు. ఆరోగ్యకరమైన ఇరుకు అయితే రంధ్రం నుంచి లోపలి మెత్తని గులాబీ పొర కాస్త బయటికి ఉబ్బుతుంది, అంచు మెత్తగా ఉంటుంది. జబ్బు అయితే ఏమీ ఉబ్బదు. అంచు చుట్టూ తెల్లగా, గట్టిగా, పగుళ్ళతో ఒక వలయం కనిపిస్తుంది. దీనికి ప్రధాన కారణం లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధి. ఐదేళ్ళ లోపు చాలా అరుదు. బ్రిటన్‌లో చేసిన లెక్క ప్రకారం పదిహేనేళ్ళు వచ్చేలోపు దీనివల్ల ఫైమోసిస్ వచ్చేది 0.6 శాతం మందికే. ఆపరేషన్ కోసం పంపిన బాలురలో చాలామందికి ఉన్నది మామూలు ఎదుగుదలేనని బ్రిటిష్ పిల్లల సర్జన్లు 1980ల చివర నుంచే ఎత్తిచూపుతూ వచ్చారు.

తెల్లటి మచ్చ లేకుండా, ఇరుకు వల్ల పదేపదే నొప్పి, ఇన్ఫెక్షన్ వస్తున్న పిల్లాడికి మొదట ఇచ్చేది స్టెరాయిడ్ పూత. 0.05 శాతం బెటామెథాసోన్ లాంటిది రోజుకు రెండుసార్లు, నాలుగు నుంచి ఎనిమిది వారాలు, ఆ ఇరుకు అంచు మీదే పలచగా రాస్తారు. అది వాపు తగ్గించి, చర్మాన్ని పలచన చేసి సాగేలా చేస్తుంది. చాలా అధ్యయనాల్లో పదిమందిలో ఎనిమిది మందికో అంతకంటే ఎక్కువమందికో గుణం కనిపించింది. మానేశాక కొందరికి మళ్ళీ బిగుస్తుంది, అప్పుడు ఇంకో విడత వాడవచ్చు. ఏ ఇబ్బందీ లేని మూడేళ్ళ పిల్లాడికి మాత్రం ఈ పూత కూడా అనవసరమే.

పూత పనిచేయకపోతే చర్మాన్ని ఉంచి రంధ్రాన్ని మాత్రం వెడల్పు చేసే ప్రెప్యూషియోప్లాస్టీ అనే చిన్న ఆపరేషన్ ఉంది. దీని గురించి తల్లిదండ్రులు అడిగితే తప్ప ప్రస్తావన రాని సందర్భాలు ఉంటాయి. లైకెన్ స్క్లెరోసస్ నిర్ధారణ అయితే సాధారణంగా సుంతీయే చేస్తారు, తీసిన చర్మాన్ని ల్యాబ్‌కు పంపుతారు. ఆ వ్యాధి మూత్ర రంధ్రానికి కూడా పాకి దాన్ని సన్నబరచగలదు కాబట్టి, ఆపరేషన్ తర్వాత కొంతకాలం పాటు ధార సన్నబడుతోందా, పక్కకు పోతోందా అని గమనించమని చెప్పి పంపుతారు.